‘స్టూడెంట్’ గాసెట్: ఒక నిగర్వి జీవితం

శాస్త్ర చరిత్రలో తమ పేరును తమ కృషికి జోడించి కీర్తిని ఆర్జించినవారు అనేకులు. తమ పేరును మరుగుపరచి, కృషిని మాత్రమే లోకానికి సమర్పించినవారు బహు కొద్దిమంది. ఆ కొద్దిమందిలో విలియం సీలీ గాసెట్ ఒకడు. బి.ఎస్‌సి., బి.కాం. తరగతులలో సాంఖ్యక శాస్త్రాన్ని అభ్యసించేవారు స్టూడెంట్ టి-పరీక్ష అనే మాటను తప్పక విని ఉంటారు. విద్యార్థుల సౌకర్యార్థం ఏర్పరచిన సులభ పద్ధతి కాబోలు, అందుచేతనే ఆ పేరు వచ్చిందని కొందరు భావించడం కద్దు. వాస్తవానికి స్టూడెంట్ అనేది ఒక రసాయన శాస్త్రజ్ఞుడు ముప్పది సంవత్సరాల పాటు ధరించిన మారుపేరు. రెండు సమూహాల సగటులలో కనిపించే తేడా నిజమైనదా, లేక కేవలం యాదృచ్ఛికమా అని తేల్చి చెప్పే సాధనాన్ని ఆయన ప్రసాదించాడు. ఆ మహనీయుని జీవితాన్ని మన కళాశాల విద్యార్థులకు సంగ్రహంగా పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

గాసెట్ 1876 జూన్ 13వ తేదీన ఇంగ్లండులోని కాంటర్‌బరీ పట్టణంలో జన్మించాడు. తండ్రి ఫ్రెడరిక్ గాసెట్ రాయల్ ఇంజనీర్స్ అనే సైనిక దళంలో కర్నలు. తల్లి ఆగ్నెస్ సీలీ విడాల్. ఆ దంపతుల సంతానంలో ఇతడే జ్యేష్ఠుడు. తండ్రి అడుగుజాడలలో సైన్యంలో ప్రవేశించవలెనన్న కోరిక బాలునికి ఉండేది. కాని దృష్టిలోపం ఆ మార్గాన్ని మూసివేసింది. వించెస్టర్ పాఠశాలలో చదువు ముగించి, ఆక్స్‌ఫర్డులోని న్యూ కాలేజీలో చేరి, 1897లో గణితంలోను, 1899లో రసాయన శాస్త్రంలోను ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణుడయ్యాడు. ఒకే వ్యక్తిలో గణితమూ, రసాయన శాస్త్రమూ ఈ విధంగా కలియడం అనంతర కాలంలో ఎంతటి ఫలితాన్ని ఇచ్చిందో ముందు చూడగలం.

1899లోనే గాసెట్ ఐర్లండు రాజధాని డబ్లిన్ నగరంలోని గిన్నిస్ సంస్థలో ఉద్యోగంలో చేరాడు. అది 1759లో ఆర్థర్ గిన్నిస్ నెలకొల్పిన బీరు కర్మాగారం. పంతొమ్మిదవ శతాబ్ది చివరి దశకంలో ఆ సంస్థ ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాల నుండి విజ్ఞాన పట్టభద్రులను చేర్చుకొని, తన ఉత్పత్తిని శాస్త్రీయ పద్ధతిపై నడపడానికి పూనుకొన్నది. ఆ కర్మాగారం తయారుచేసే పానీయం మనకు నిషిద్ధమైనదే. కాని అక్కడ ఉదయించిన గణితం నేడు ఔషధ పరిశోధనాలయాలలో, వ్యవసాయ క్షేత్రాలలో, పాఠశాలలలో సర్వ మానవులకూ సేవ చేస్తున్నది. కనుక మన దృష్టిని ఆ గణితంపైననే నిలుపుదాం.

బార్లీ ధాన్యం, హాప్స్ పూత, ఈస్టు: ఈ మూడింటి నాణ్యతపై ఆ పరిశ్రమ ఆధారపడి ఉండేది. ఒక రకం బార్లీ మరొక రకం కంటె మేలైనదా? ఒక ఎరువు వేసిన పొలం, వేయని పొలం కంటె అధికంగా పండినదా? ఇటువంటి ప్రశ్నలు యువ శాస్త్రజ్ఞునికి నిత్యం ఎదురయ్యేవి. అన్నం ఉడికినదో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునని మన పెద్దలు అంటారు. కుండలోని అన్నం అంతా ఒకే నీటిలో, ఒకే మంటపై ఉడుకుతుంది గనుక ఆ మాట అక్కడ చెల్లుతుంది. పొలం అటువంటిది కాదు. ఒక మూల నేల సారవంతం, మరొక మూల చవుడు. ఒక ఏడు వాన అధికం, మరుసటి ఏడు స్వల్పం. నాలుగైదు మడులలో పండిన పంటను కొలిచి, ఒక విత్తనం గొప్పదని నిర్ణయిస్తే, ఆ నిర్ణయాన్ని నమ్మి లక్షల రూకలు వెచ్చించడం ఎంతవరకు క్షేమం?

ఆనాటి సాంఖ్యక శాస్త్రం వద్ద ఈ ప్రశ్నకు తగిన సమాధానం లేదు. వందల కొలది, వేల కొలది కొలతలు లభించినప్పుడు సగటులోని దోషాన్ని అంచనా కట్టే పద్ధతి ఉండేది. కొలతలు ఆరో, పదో మాత్రమే ఉన్నప్పుడు ఆ పద్ధతి మోసగిస్తుంది. కారణం స్పష్టమే. సగటులోని దోషాన్ని అంచనా వేయడానికి ప్రామాణిక విచలనం కావాలి. ఆ విచలనాన్ని కూడ ఆ కొద్దిపాటి కొలతల నుండియే గణించాలి. కొలతలు తక్కువైనప్పుడు ఆ విచలనమే ఒకసారి మరీ చిన్నదిగా, మరొకసారి మరీ పెద్దదిగా వస్తుంది. కొలబద్దయే సాగుతూ, కుదించుకుపోతూ ఉంటే, దానితో కొలిచిన బట్ట పొడవును ఎట్లు నమ్మగలం?

1904లో గాసెట్ తన సంస్థ అధికారులకు ఒక నివేదిక సమర్పించాడు. కర్మాగారంలోని పనులకు దోష సిద్ధాంతాన్ని అన్వయించవలసిన ఆవశ్యకతను అందులో వివరించి, గణితజ్ఞుల సలహా పొందడం మంచిదని సూచించాడు. తత్ఫలితంగా 1905 జూలైలో ఆయన నాటి సాంఖ్యక శాస్త్రవేత్తలలో అగ్రగణ్యుడైన కార్ల్ పియర్సన్‌ను కలుసుకొన్నాడు. మరుసటి సంవత్సరం జనవరిలో మార్జరీ ఫిల్పాట్స్ అనే యువతిని వివాహమాడాడు. వారికి అనంతర కాలంలో ఒక కుమారుడు, ఇద్దరు కుమార్తెలు కలిగారు. 1906–07 విద్యా సంవత్సరంలో సంస్థ ఆయనను లండన్ యూనివర్సిటీ కాలేజీలోని పియర్సన్ పరిశోధనాలయానికి పంపింది. ముప్పదియేండ్ల వయస్సులో, గృహస్థుడై, ఉద్యోగస్థుడై ఉండి తిరిగి విద్యార్థిగా కూర్చొనడానికి ఆయన సంకోచించలేదు.

ఆ కాలంలో గిన్నిస్ సంస్థ తన ఉద్యోగులు పరిశోధన ఫలితాలను స్వనామంతో ప్రకటించడానికి అనుమతించేది కాదు. వ్యాపార రహస్యాలు బయటికి పొక్కుతాయన్న భయమే ఇందుకు హేతువు. మారుపేరుతో ప్రకటించుకోవచ్చునని, సంస్థ ప్రసక్తి రాకూడదని షరతు పెట్టారు. గాసెట్ స్టూడెంట్ అనే పేరును స్వీకరించాడు. ఆ పేరుతో 1907లో బయోమెట్రికా పత్రికలో తొలి వ్యాసం వెలువడింది. సూక్ష్మదర్శిని క్రింద గళ్ల పలకపై ఈస్టు కణాలను లెక్కించేటప్పుడు ఎంత దోషం దొర్లుతుందో అందులో నిరూపించాడు.

ఆ మరుసటి సంవత్సరం, అనగా 1908 మార్చిలో, ఆయన పేరును శాశ్వతం చేసిన వ్యాసం అదే పత్రికలో ప్రచురితమైంది. సగటు యొక్క సంభావ్య దోషం అన్నది దాని విషయం. కొద్దిపాటి కొలతల సగటును, ఆ కొలతల నుండియే లభించిన విచలనంతో భాగించగా వచ్చే నిష్పత్తి ఏ విధమైన విభాజనాన్ని అనుసరిస్తుందో ఆయన కనుగొన్నాడు. ఆ వక్రరేఖ చూపునకు సామాన్య విభాజన రేఖవలెనే గంట ఆకారంలో ఉంటుంది. కాని దాని కొసలు మరికొంత దళసరిగా ఉంటాయి. కొలతలు తక్కువైన కొద్దీ ఆ దళసరితనం హెచ్చుతుంది. కొలతలు పెరిగిన కొద్దీ అది సామాన్య విభాజనంలో లీనమైపోతుంది. దీని తాత్పర్యం ఏమనగా, సాక్ష్యం తక్కువగా ఉన్నప్పుడు తీర్పు చెప్పేవాడు మరింత జాగ్రత్త వహించవలెను. ఎంత జాగ్రత్త వహించవలెనో గాసెట్ అంకెలలో చెప్పాడు.

గణిత నిరూపణతో ఆయన తృప్తి చెందలేదు. తన ఫలితాన్ని ప్రత్యక్షంగా పరీక్షించ నెంచి, 3000 మంది నేరస్థుల ఎత్తును, ఎడమచేతి మధ్యవ్రేలి పొడవును తెలిపే పూర్వ ప్రచురిత గణాంకాలను తీసుకొన్నాడు. వాటిని అట్టముక్కలపై వ్రాసి, బాగుగా కలిపి, నాలుగేసి చొప్పున 750 ప్రతిరూపాలుగా విభజించాడు. ప్రతి నాలుగింటికీ సగటును, విచలనాన్ని గణించి, తన సూత్రంతో సరిపోల్చి చూచాడు. నేడు గణనయంత్రం లిప్తపాటులో చేసే ఈ ప్రయోగాన్ని ఆయన చేతులతో, ఓర్పుతో నిర్వహించాడు.

ఆ వ్యాసంలోనే ఉదాహరణగా నిద్ర ఔషధాల ప్రయోగం ఒకటి ఉన్నది. కుష్నీ, పీబుల్స్ అనే ఇద్దరు పరిశోధకులు 1905లో ప్రచురించిన అంకెలవి. పదిమంది రోగులకు రెండు ఔషధాలను వేర్వేరు రాత్రులలో ఇచ్చి, ఎన్ని గంటల నిద్ర అదనంగా వచ్చినదో కొలిచారు. మొదటి ఔషధం వలన సగటున 0.75 గంట, రెండవ దాని వలన 2.33 గంటలు అధికంగా నిద్ర పట్టింది. తేడా 1.58 గంటలు. ఈ అంకెలను మన విద్యార్థులు కాగితంపై వేసి చూడడం మంచిది.

ఒకవేళ రెండు ఔషధాలను వేర్వేరు పదేసిమందికి ఇచ్చినారని అనుకొందాం. అప్పుడు అవి రెండు స్వతంత్ర సమూహాలు. సగటుల మధ్య తేడా అయిన 1.58ని ఆ తేడా యొక్క ప్రామాణిక దోషంతో భాగించవలెను. రెండు సమూహాల విస్తృతులు 3.20, 4.01. వాటి ఉమ్మడి విలువ సుమారు 3.61. సమూహానికి పదిమంది చొప్పున ఉన్నందున ప్రామాణిక దోషం 0.85 అవుతుంది. భాగించగా టి విలువ 1.86 వస్తుంది. ఇరువది కొలతల నుండి రెండు సగటులకుగాను రెండు తీసివేయగా స్వాతంత్ర్య సంఖ్య, అనగా డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్, 18. ఆ సంఖ్యకు ఎదురుగా పట్టికలో నూటికి అయిదు స్థాయిలో ఉన్న హద్దు 2.10. మన విలువ దానిని దాటలేదు. కనుక రెండు ఔషధాల మధ్య తేడా ఉన్నదని ఈ సాక్ష్యంతో చెప్పజాలము. తేడా లేదని రుజువైనదని మాత్రం భావించరాదు. రుజువు చాలలేదని మాత్రమే దీని అర్థం.

కాని వాస్తవంలో రెండు ఔషధాలనూ సేవించినవారు ఆ పదిమందియే. స్వభావతః కొందరికి నిద్ర ఎక్కువ, కొందరికి తక్కువ. ప్రతి రోగినీ అతనితోనే పోల్చినట్లయితే ఆ వ్యక్తిగత భేదాలు తొలగిపోతాయి. అప్పుడు ప్రామాణిక దోషం 0.39కి తగ్గి, టి విలువ 4.06కి పెరుగుతుంది. స్వాతంత్ర్య సంఖ్య 9కి పట్టికలోని హద్దు 2.26 మాత్రమే. తేడా నిస్సందేహంగా నిలుస్తుంది. అవే అంకెలు, అవే సగటులు. ప్రయోగం జరిగిన తీరును బట్టి తీర్పు మారిపోయింది. సూత్రాన్ని కంఠస్థం చేసినంత మాత్రాన చాలదు, అంకెలు ఎక్కడనుండి, ఎట్లు వచ్చినవో తెలియవలెనని ఈ ఉదాహరణ బోధిస్తున్నది.

1908 నాటి వ్యాసాన్ని లోకం వెంటనే గుర్తించలేదు. వేల కొలతలతో పనిచేసే పియర్సన్‌కు చిన్న ప్రతిరూపాల ప్రాముఖ్యం అంతగా కనబడలేదు. 1912లో కేంబ్రిడ్జికి చెందిన రొనాల్డ్ ఫిషర్ అనే యువకుడు గాసెట్‌కు ఉత్తరం వ్రాసి, ఆయన ఊహించి సాధించిన సూత్రానికి జ్యామితి సహాయంతో సమగ్రమైన నిరూపణను పంపాడు. ఆ నిరూపణ తనకు పూర్తిగా అందకపోయినను, గాసెట్ దానిని ఉపేక్షించక పియర్సన్‌కు పంపి ప్రోత్సహించాడు. ఆ నిరూపణ 1915లో అచ్చయింది. అనంతరం ఫిషర్ డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ అనే భావనతో ఆ సూత్రాన్ని విస్తరింపజేసి, రెండు స్వతంత్ర సమూహాల సగటులను పోల్చడానికి అనువుగా తీర్చిదిద్దాడు. గాసెట్ మొదట జెడ్ అని వాడిన నిష్పత్తి స్థానంలో టి ప్రవేశించింది. గాసెట్ కొత్త పట్టికలను గణించాడు. 1925లో వెలువడిన ఫిషర్ గ్రంథం ద్వారా టి-పరీక్ష ప్రపంచమంతటా వ్యాపించింది. రెండు సమూహాల విస్తృతులు సమానం కానప్పుడు అనుసరించవలసిన సవరణను వెల్ష్ అనే శాస్త్రజ్ఞుడు 1947లో సమగ్రంగా రూపొందించాడు.

గాసెట్ మేధస్సును చాటే మరొక ఘట్టం ఉన్నది. 1930లో స్కాట్లండులోని లానార్క్‌షైర్ ప్రాంతంలో పాఠశాల పిల్లలపై బ్రహ్మాండమైన ప్రయోగం ఒకటి జరిగింది. 20,000 మంది పిల్లలలో 10,000 మందికి నాలుగు మాసాల పాటు ప్రతిదినం పాలు ఇచ్చారు. తక్కిన 10,000 మందికి ఇవ్వలేదు. ఇరువర్గాల ఎత్తును, బరువును ఆదిలోను, అంతంలోను కొలిచారు. ఇంత పెద్ద సంఖ్యలు ఉన్నప్పుడు ఫలితం తిరుగులేనిదని ఎవరైనా తలుస్తారు. 1931లో గాసెట్ ఆ ప్రయోగాన్ని విమర్శిస్తూ వ్యాసం వ్రాశాడు.

పిల్లలను మొదట చీట్లు వేసియో, అక్షర క్రమంలోనో విభజించారు. కాని ఏదైనా వర్గంలో పుష్టిగల పిల్లలో, బలహీనులో అధికంగా ఉన్నట్లు తోచినచో కొందరిని మార్చుకొనడానికి ఉపాధ్యాయులకు అవకాశం ఇచ్చారు. పేద పిల్లలను చూచి జాలిపడిన ఉపాధ్యాయులు, తెలిసియో తెలియకయో, వారినే పాల వర్గంలోకి చేర్చారని గాసెట్ ఊహించాడు. ప్రయోగం ఆరంభమయ్యేనాటికే పాలు పొందని వర్గం బరువులో సుమారు మూడు మాసాల పెరుగుదల, ఎత్తులో నాలుగు మాసాల పెరుగుదల మేర ముందంజలో ఉన్నది. అంతేకాక పిల్లలను దుస్తులతోనే తూచారు. ఫిబ్రవరిలో చలిదుస్తులతో, జూన్‌లో వేసవి దుస్తులతో. చలికాలంలో దళసరి దుస్తులు ధరించగలిగిన సంపన్నుల పిల్లలకు వేసవిలో తగ్గిన బట్టల బరువు ఎక్కువ; పేద పిల్లలకు తక్కువ. పచ్చి పాలు, శుద్ధి చేసిన పాలు అనే రెండింటిని కూడ ఒకే పాఠశాలలో ప్రక్కప్రక్కన ఇవ్వలేదు. కనుక వాటిని పోల్చడం సైతం నమ్మదగినది కాలేదు.

ఇరువది వేల మందికి బదులు ఒకే పోలిక గల కవల పిల్లల జంటలు ఏబది దొరికినచో, జంటలో ఒకరికి పాలు ఇచ్చి, ఆ ఒకరు ఎవరన్నది నాణెం ఎగురవేసి నిర్ణయించినచో, అతి స్వల్ప వ్యయంతో మరింత నమ్మదగిన ఫలితం లభించేదని ఆయన సూచించాడు. ఉపాధ్యాయుల హృదయంలోని కరుణ దోషం కాదు. కాని కొలత విషయంలో కరుణకు చోటిస్తే, ఎవరి మేలు కోరి ఆ ప్రయోగం తలపెట్టారో ఆ పేద పిల్లలకే పాలు ఎంత మేలు చేస్తాయో తెలియకుండా పోతుంది. రెండు సమూహాలు ఆదిలో సమానం కానప్పుడు ఎంత గొప్ప సూత్రమైనా న్యాయం చెప్పలేదు.

గాసెట్ వ్యక్తిత్వం ఆయన విద్వత్తుకు తగినట్టిది. కార్ల్ పియర్సన్‌కు, ఫిషర్‌కు మధ్య తీవ్రమైన వైరం ఉండేది. ఒకరి ముఖం ఒకరు చూడడానికి ఇష్టపడని ఆ ఇరువురికీ గాసెట్ ఆప్తమిత్రుడు. పియర్సన్ కుమారుడైన ఎగన్‌కు ఆయన 1926లో వ్రాసిన ఒక ఉత్తరం, పరికల్పనల పరీక్షపై ఎగన్ పియర్సన్, నేమన్‌లు చేసిన సుప్రసిద్ధ పరిశోధనకు ప్రేరణ అయింది. తన జీవిత చరమ దశలో పొలాలలోని మడుల అమరిక విషయమై గాసెట్ ఫిషర్‌తో విభేదించాడు. విత్తనాలను ఏ మడిలో వేయవలెనో చీట్లు వేసి నిర్ణయించాలని ఫిషర్, నేల స్వభావం ఎరిగి సమతూకంగా అమర్చవలెనని గాసెట్ వాదించారు. వాదం ఘాటుగానే సాగినా గాసెట్ వైపు నుండి స్నేహానికి లోటు రాలేదు. టి-పరీక్ష హద్దును దాటినంత మాత్రాన ఒక ఫలితం గొప్పదైపోదని, దానివలన రైతుకు, సంస్థకు కలిగే లాభమెంతో కూడ చూడవలెనని ఆయన అభిప్రాయం. నేటి పరిశోధకులు అనేకులు మరచిన సంగతి ఇదియే.

ఆయన గణిత కృషిలో అధిక భాగం ఉద్యోగ ధర్మం ముగిసిన పిదప ఇంటివద్ద సాగింది. తోటపని, వడ్రంగం, చేపలు పట్టడం ఆయన వినోదాలు. రెండు కొసలలోను చుక్కాని గల పడవను స్వయంగా రూపొందించాడు. 1934లో మోటారు ప్రమాదంలో కాలు విరిగి మంచం పట్టినప్పుడు, ఆ నిర్బంధ విశ్రాంతిని సైతం సాంఖ్యక శాస్త్రానికే వినియోగించాడు. 1935లో గిన్నిస్ సంస్థ లండన్ సమీపంలోని పార్క్ రాయల్‌లో కొత్తగా నెలకొల్పిన కర్మాగార బాధ్యతలను స్వీకరించడానికి డబ్లిన్‌ను వీడాడు. 1937లో సంస్థ మొత్తానికి ప్రధాన ఉత్పత్తి అధికారిగా నియమితుడయ్యాడు. ఆ పదవిని ఎంతో కాలం అనుభవించకుండానే, అదే సంవత్సరం అక్టోబరు 16వ తేదీన బీకన్స్‌ఫీల్డ్‌లో గుండెపోటుతో పరమపదించాడు. అప్పటికి ఆయన వయస్సు 61 సంవత్సరాలు. చివరి వ్యాసం మరణానంతరం 1938లో వెలువడింది. 1942లో ఆయన వ్యాస సంపుటి ప్రచురితమైనప్పుడు కూడ దానిపై స్టూడెంట్ అనే పేరు నిలిచి ఉన్నది.

గాసెట్ నాటిన బీజం ఫలించిన పరంపరలో తెలుగువారికి కూడ భాగమున్నది. ఆయన సూత్రాన్ని విస్తరించిన ఫిషర్ వద్దనే ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పట్టభద్రుడైన కల్యంపూడి రాధాకృష్ణారావు పరిశోధన చేసి, 1948లో కేంబ్రిడ్జి నుండి డాక్టరేటు పొందాడు. సి.ఆర్. రావుగా విశ్వవిఖ్యాతి గడించిన ఆయన 2023లో నూటరెండేండ్ల నిండు వయస్సులో మరణించేవరకు సాంఖ్యక శాస్త్రానికి భూషణంగా వెలుగొందాడు.

విద్యార్థులారా! ఇద్దరిని పోల్చి ఒకరిని గొప్పవారని, ఒకరిని తక్కువవారని తీర్మానించడం మానవ సహజం. ఒక పాఠశాలను మరొక పాఠశాలతో, ఒక వర్గాన్ని మరొక వర్గంతో నిత్యం పోలుస్తూనే ఉంటాం. అట్టి సమయంలో మూడు ప్రశ్నలు వేసుకొనడం గాసెట్ మనకు నేర్పిన వివేకం. ఆ ఇరువర్గాలు ఆదిలో సమానమైనవేనా? మన వద్ద ఉన్న సాక్ష్యం ఎంత? కనిపించే తేడా, ఒక్కొక్క వర్గంలోనే సహజంగా ఉండే హెచ్చుతగ్గులకు మించినదా? ఈ మూడింటికి సమాధానం లభించేవరకు తీర్పును నిలిపి ఉంచగలవాడే నిజమైన విద్యావంతుడు. ఆక్స్‌ఫర్డులో రెండు శాస్త్రాలలో ప్రథమ శ్రేణి పొంది, ఒక కొత్త శాస్త్ర విభాగానికే పునాది వేసిన వ్యక్తి జీవితాంతం విద్యార్థి అనే పేరుతోనే సంతృప్తి చెందాడు. ఆ పేరు ఈ కళాశాలలో చదివే మీ అందరికీ ఉన్నది. దానిని సార్థకం చేసుకొందురు గాక!